బస్సు లియోటా గోలు కాసిన వేసవి

కెనడాలో మూలవాసులం మేముండే ఓష్వీకెన్‌లో లియోటాలు ముగ్గురున్నారు. బస్సు లియోటా అంటే మాత్రం ఎవరూ రెండోసారి అడగరు. ఆమె తోలే పసుపుపచ్చ స్కూలు బస్సు ఎక్కని పిల్లలు మా దగ్గర లేరు. "కూర్చుంటావా, మీ అమ్మమ్మకి ఫోన్ చెయ్యనా?" అని ఆమె చేత అనిపించుకోని పిల్లలూ లేరు. మనిషి పొట్టి, గుండ్రం. గొంతెత్తితే నది అవతలి ఒడ్డున కుక్కలు లేచి నిలబడతాయి. ఇక నవ్విందంటే కళ్ళు పూర్తిగా మూసుకుపోతాయి, భుజాలు ఎగిరెగిరి పడతాయి, పక్కనున్న వాళ్ళు సంగతేమిటో తెలియకుండానే తామూ నవ్వేస్తారు.

అలాంటి లియోటా, నలభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా చివర వల కట్టి, బంతిని పట్టి విసిరే లాక్రోస్ కర్ర పట్టుకుని ఒక్కసారైనా ఆటలోకి దిగలేదు. మా ఊళ్ళో అది చేపల రేవులో పుట్టి ఈత రాదన్నట్టు. ఆమె అన్నదమ్ములు ముగ్గురూ ఆడారు. మొగుడు డెల్బర్ట్ వయసులో ఉండగా పేరుమోసిన గోల్‌కీపర్. కూతురు టానీకి పందొమ్మిదేళ్ళు, ఆడవాళ్ళ జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టేది అదే. లియోటా వీళ్ళందరి చెమట బట్టలూ ఉతికింది. వాళ్ళు పగలగొట్టిన కిటికీలకి అట్టముక్కలు అతికించింది. కాలవలో పడ్డ బంతుల్ని చేత్తో తీసి విసిరింది. ఆమె చిన్నప్పుడు ఆడపిల్లలకి జట్టు లేదు. జట్టు వచ్చేసరికి ఆమెకి పెళ్ళయింది, చేతికి బస్సు వచ్చింది, ఒళ్ళో టానీ వచ్చింది.

ఆ ఏప్రిల్‌లో ఒక సాయంత్రం చెల్లెలి కొడుకు డల్లాస్ వచ్చి వంటింట్లో కుర్చీలో కూలబడ్డాడు. ఆడవాళ్ళ జట్టుకి కోచ్ అతనే. పొయ్యి మీద మొక్కజొన్న పులుసు ఉడుకుతోంది. లియోటా తల్లి విన్నీ బల్ల దగ్గర చిక్కుడు గింజలు ఏరుతోంది.

"ఏంట్రా ఆ మొహం? కుక్కేమన్నా చచ్చిందా?" అంది లియోటా, గిన్నెలో పులుసు పోస్తూ.

"జోలీన్ కడుపుతో ఉంది పెద్దమ్మా. ఆరో నెలట."

"ఓరి నీ! శుభమే కదరా. దానికి నువ్వెందుకు ఏడుస్తున్నావ్? నీకేం సంబంధం లేదు కదా?"

డల్లాస్‌కి పులుసు ముక్కులోకి పోయింది. దగ్గి, కళ్ళు తుడుచుకుని, "మా గోల్‌కీపర్ పెద్దమ్మా జోలీన్!" అన్నాడు. "ఇన్నాళ్ళూ చెప్పలేదు. నిన్న ప్యాడ్లు కట్టుకోబోతే తాళ్ళు చాల్లేదు. ఇప్పుడు నేనెవర్ని తేను? అడగని పిల్ల లేదు. పరిగెత్తమంటే పరిగెత్తుతారు, తన్నుకోమంటే తన్నుకుంటారు. ఆ బంతికి ఎదురు నిలబడమంటే మాత్రం అందరికీ ఆ రోజే పని ఉంటుంది."

"అడ్డంగా నిలబడాలి, అంతేగా? నన్ను పెట్టు. బంతికి సందెక్కడ దొరుకుతుందో నేనూ చూస్తా."

అని నవ్వింది. విన్నీ నవ్వింది. గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న టానీ కూడా నవ్వింది. డల్లాస్ నవ్వలేదు. చెంచా కింద పెట్టి, బీరువా గుమ్మంలోంచి పడుతుందా లేదా అని చూసినట్టు, పెద్దమ్మని ఈ భుజం నుంచి ఆ భుజం దాకా కొలిచాడు.

"గురువారం ఆరింటికి ప్రాక్టీసు పెద్దమ్మా."

"ఒరేయ్, ఊరికే అన్నాన్రా!"

"నేను ఊరికే అనట్లేదు."

"వద్దు," అంది టానీ, ఒక బూటు చేతిలో పట్టుకునే. "అమ్మా, వద్దు. ఆ జట్టులో నేనున్నాను. అక్కడ నా ఫ్రెండ్స్ ఉన్నారు. అక్కడ నాకంటూ ఒక పరువుంది."

"నీ పరువుకి నేనేం అడ్డమే?"

"గోలుకి అడ్డంగా నిలబడతానంటున్నావుగా, చాలదా?"

లియోటా మొదట ఆ మాట నిజంగా తమాషాకే అంది. కూతురు వద్దనగానే ఆమెకి ఒంట్లో ఎక్కడో గిలిగింత పెట్టినట్టయింది. ముగ్గురూ విన్నీ వైపు తిరిగారు. ఆ ఇంట్లో పిల్లికి పేరు పెట్టాలన్నా ముసలామెని అడగాల్సిందే. మా పాత ఆచారాలు నడిచే పొడవింట్లో కార్యాలు జరిపించేవాళ్ళలో ఆమె ఒకతె.

విన్నీ గింజలు ఏరడం ఆపలేదు. "చెక్క కర్ర ముట్టుకోకు. అది సృష్టికర్త మగవాళ్ళకి ఇచ్చింది. నిప్పులో పొగాకు వేసి, ఆయనకి చెప్పుకుని ఆడే ఆట వేరు. మీరు షెడ్డులో గెంతే ఈ ప్లాస్టిక్ కర్రల ఆట వేరు. దానికి నన్నెందుకు అడగడం? నీ మోకాళ్ళని అడుక్కో."

రాత్రి భోజనాలవగానే లియోటా డెల్బర్ట్‌కి ఫోన్ చేసింది. అతను దూరపు పట్నాల్లో ఎత్తు భవనాలకి దూలాలు బిగించే ఇనుప పనికి వెళ్ళి శుక్రవారాలు ఇంటికొచ్చే మనిషి. సంగతి విని ఎంతసేపు నవ్వాడంటే, లియోటా ఫోన్ బల్ల మీద పెట్టి, గిన్నెలు కడుక్కుని వచ్చింది. అప్పటికీ నవ్వుతున్నాడు.

"అయిందా? అయితే ఒక మాట చెప్పు. ఎలా కాయాలి?"

"బంతిని చూడు. మనిషిని చూడకు. మనిషి వంద అబద్ధాలాడతాడు." ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "గ్యారేజీలో నా సామాను ఉంది, వాడుకో. గోడ మీద మా తాత చేసిన కర్ర ఉంది, దాని జోలికి పోకు."

"అమ్మ చెప్పిందిలే."

"ఇంకోటి. ఏడుపొస్తే ఆట మధ్యలోనే ఏడువు. హెల్మెట్లో ఎవరికీ కనపడదు."

డెల్బర్ట్ ఆరడుగుల మనిషి. మోకాలు దాటి నాలుగు వేళ్ళు రావాల్సిన కాళ్ళ ప్యాడ్లు లియోటాకి తొడల పైదాకా వచ్చాయి. హెల్మెట్లో చలికాలమంతా ఎలుక కాపురం చేసినట్టుంది, పీచూ పేలికలూ గుప్పిళ్ళతో తీశారు. ఛాతీ కవచం వాసన సంగతి చెప్పకపోవడమే మర్యాద. గురువారం బస్సు పెట్టేసి వచ్చి, అరీనా బట్టలు మార్చుకునే గదిలో ఇద్దరమ్మాయిలు చెరో వైపూ తాళ్ళు లాగి కడుతుంటే, లియోటాకి పెళ్ళికూతుర్ని చేస్తున్నట్టనిపించి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో గుమ్మం దాకా నడిచింది. గుమ్మంలో ఇరుక్కుంది.

"పక్కకి తిరుగు పెద్దమ్మా!" అన్నాడు బయట నిలబడ్డ డల్లాస్.

"ఏ పక్కకి తిరిగినా ఇంతే ఉన్నానురా!"

వెనక నుంచి ముగ్గురు తోశారు. సీసా బిరడా ఊడినట్టు ఊడిపడి, నాలుగడుగులు తూలి, సిమెంటు నేల మీద వెల్లకిలా పడింది. కాళ్ళూ చేతులూ గాల్లో ఆడుతున్నాయి గానీ లేవడం ఆమె వల్ల కాలేదు.

"లియోటా, మీది తోడేలు వంశం కదూ?" అన్నారెవరో. "ఎప్పుడు మారావు తాబేలు వంశంలోకి?"

జట్టు జట్టంతా కర్రలకి ఆనుకుని నవ్వింది. కింద పడున్న లియోటా అందరికంటే గట్టిగా నవ్వింది. టానీ ఒక్కతే అవతలి గోడ దగ్గర నిలబడి, ఈవిడెవరో తనకి తెలియనట్టు బూటు తాడు కట్టుకుంటోంది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. మొదటి బంతి వచ్చి ఛాతీకి తగిలింది. 'ధబ్' మని దిండు మీద కొట్టినట్టు చప్పుడైంది, అంతే, నొప్పి లేదు. అది లియోటాకి ఎంత విచిత్రంగా అనిపించిందంటే, పకపకా నవ్వేసింది. నవ్వితే కళ్ళు మూసుకుపోయాయి. కళ్ళు మూసుకుపోయాక రెండో బంతి, మూడో బంతి, నాలుగో బంతి వరసగా వెళ్ళి వలలో పడ్డాయి. డల్లాస్ ఈల ఊదాడు.

"పెద్దమ్మా, దయచేసి నవ్వకండి."

"ఎప్పుడూ లేనిది అండీ అంటావేంట్రా? అది వింటే ఇంకా నవ్వొస్తుంది!"

ఆ వారమంతా అదే తంతు. బంతి తగిలితే నవ్వు, నవ్వితే గోలు. అమ్మాయిలకి మాత్రం ప్రాక్టీసంటే పండగైపోయింది. ఎప్పుడూ ఏదో ఒక పని చెప్పి ఎగ్గొట్టేవాళ్ళు కూడా ముందే వచ్చి కూర్చుంటున్నారు.

టానీకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఒకరోజు అందరూ వెళ్ళిపోయాక తల్లిని గోలు ముందే ఆపింది. "నిలబడు," అని, తన బలమంతా పెట్టి బంతి విసిరింది. అది ప్యాడ్ పక్కగా, తొడకి బయటి వైపు, కవచమేమీ లేని చోట తగిలింది. లియోటా తొడ పట్టుకుని వంగిపోయింది. ఆ ఒక్కసారి నవ్వు రాలేదు.

టానీ మొహం పాలిపోయింది. "అమ్మా? తగిలిందా?"

"తగిలింది. ఇంకోటి వెయ్యి."

"నువ్వు మానెయ్యాలని వేశానే నేను!"

"తెలుసు. వెయ్యి."

వేసింది. లియోటా ఆపలేదు గానీ కళ్ళు తెరిచే ఉంది. బంతి తన చెవి పక్కనుంచి వెళ్ళడం మొదటిసారి చూసింది. ఇంకా వెయ్యమంది. అరీనా దీపాలు ఆర్పే అతను వచ్చి తాళాలు గలగలలాడించేదాకా తల్లీకూతుళ్ళు అలాగే ఉన్నారు. ఇంటికొచ్చాక పక్కపక్కన మంచం మీద కూర్చుని దెబ్బలు లెక్క చూసుకున్నారు. టానీ మోచేతి మీద నల్లగా ఒకటుంది. లియోటా తొడ మీద ఉన్నది నేరేడు పండంతగా మొదలై రొట్టెంత అయింది.

"ఇది నాది," అంది టానీ వేలితో తాకి, కొంచెం సిగ్గుగా, కొంచెం గర్వంగా.

"నిన్ను కన్నప్పుడు కూడా ఇంత నొప్పి పెట్టలేదే."

ఇద్దరూ ఒకేసారి పగలబడ్డారు. అవతలి గదిలోంచి విన్నీ, "మందు రాసుకుని పడుకోండి!" అని గోడ మీద కొట్టింది.

మొదటి మ్యాచ్ బ్రెడ్డూ చీజూ పంచే రోజున వచ్చింది. మే నెల సెలవు రోజు, ఊరంతా వరసలో నిలబడి తలా ఒక రొట్టెముక్క, చీజ్ ముక్క పుచ్చుకునే పండగ. పంపకం అయ్యాక అవే చేతులతో జనం అరీనాలో నిండిపోయారు. నదికి దిగువనున్న ఊరి జట్టు వచ్చింది. లియోటా బస్సు పిల్లలందరూ ముందు వరసల్లో చీజ్ నములుతూ కూర్చున్నారు. వాళ్ళ వెనక డెల్బర్ట్ చెల్లెలు మార్లీన్. ఆవిడ నోటికి ఊళ్ళో తాళం లేదు.

ఆట మొదలవగానే మొదటి బంతి లియోటా రెండు కాళ్ళ మధ్య నుంచి వెళ్ళింది. రెండోది భుజం మీంచి. మూడోది ఎటునుంచి వెళ్ళిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

"వదినా!" అని మార్లీన్ కేక అరీనా కప్పుకి తగిలింది. "స్టాపులో బస్సు ఆపినట్టు ఆపు వదినా!"

జనం గొల్లుమన్నారు. లియోటాకీ నవ్వొచ్చింది, కళ్ళు మూసుకుపోయాయి, ఇంకో గోలు పడింది. పిల్లలు "స్టాప్! స్టాప్! స్టాప్!" అని బల్లలు చరుస్తూ పాట మొదలుపెట్టారు. స్కోరు బోర్డు నడిపే ఆయనకి అంకెలు మార్చీ మార్చీ చెయ్యి నొప్పి పుట్టింది. ఆట ఎక్కడో మధ్యలో, బంతి అవతలి చివర ఉంది కదా అని లియోటా వెనక్కి తిరిగి నీళ్ళ సీసా కోసం వంగింది. సరిగ్గా అప్పుడే దిగువ ఊరి పిల్ల అంత దూరం నుంచీ విసిరింది. బంతి నేరుగా వచ్చి, వంగి ఉన్న లియోటా వెనక భాగానికి తగిలి, ఎగిరి, టానీ కర్ర వలలో పడింది. టానీ తిరుగు పరుగందుకుని అటు గోలు కొట్టింది.

అంత కేక ఆ అరీనాలో ఫైనల్స్ గెలిచినప్పుడు కూడా వినలేదన్నారు. లియోటా నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని, "ఏమైంది? ఏమైంది?" అని అందర్నీ అడుగుతోంది. టానీ పరిగెత్తుకొచ్చి హెల్మెట్‌కి హెల్మెట్ ఆనించి, "అమ్మా, నువ్వు ముందుకు తిరిగి ఎందుకే నిలబడడం?" అంది.

చిత్తుగా ఓడిపోయారు. మా వాళ్ళు ఎన్నిటితో ఓడారని ఎవరన్నా అడిగితే టానీ ఇప్పటికీ మాట మారుస్తుంది. డల్లాస్ తల వంచుకుని పెద్దమ్మ దగ్గరికి వచ్చాడు. మానేస్తానంటే ఏం చెప్పాలా అని మాటలు కూడగట్టుకుంటున్నాడు. లియోటా హెల్మెట్ తీసింది. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుంది, మొహం టొమాటోలా ఉంది.

"ఒరేయ్ డల్లాస్, గురువారం ఆరింటికేనా?"

మర్నాడు పొద్దున్న బస్సెక్కిన ప్రతి పిల్లా ఒక సలహాతో ఎక్కింది. మోకాళ్ళు వంచమని ఒకరు, కర్ర ఇంకా కిందికి పెట్టమని ఒకరు. "లియోటా, నువ్వు వెనక్కి తిరిగే ఆడు," అంది పళ్ళు ఊడిన ఒక రెండో తరగతి పిల్ల.

"కూర్చుంటావా, మీ అమ్మమ్మకి ఫోన్ చెయ్యనా?"

"చెయ్యి. నిన్న అందరికంటే ఎక్కువ నవ్వింది మా అమ్మమ్మే."

ఆ తర్వాత ఆమెని నిజంగా గోల్‌కీపర్‌గా తయారుచేసింది జోలీన్. రోజురోజుకీ పెరిగే పొట్టతో వచ్చి, గోలు వెనక మడత కుర్చీ వేసుకుని, ఊరగాయ దోసకాయలు కొరుకుతూ అరిచేది. "ఎడమ! ఎడమ! నీ ఇంకో ఎడమ!" ఆమె పద్ధతి ఆమెది. నవ్వు ఆపమని ఒక్కసారి అనలేదు.

"నవ్వు నీది, నవ్వుకో. కళ్ళు మాత్రం నాకిచ్చెయ్," అంది. "నవ్వుతూనే కళ్ళు పెద్దవి చెయ్యి. గుడ్లగూబలా."

అలా నవ్వడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్ళకే తెలుసు. లియోటా బస్సు అద్దంలో చూసుకుంటూ సాధన చేసింది. పిల్లలు జడుసుకుని ఎప్పుడూ లేనంత బుద్ధిగా కూర్చున్నారు. ఇంట్లో గిన్నెలు తోముతూ చేసింది. విన్నీ చూసి, "దీనికి పొగాకు వేసి ఏమన్నా చెప్పించాలేమో," అని గొణిగింది. స్ట్రాబెర్రీలు పండే వేళకి పని కుదిరింది. గుడ్లగూబ కళ్ళతో, నోరంతా తెరిచి నవ్వుతూ ఒక బండ మనిషి గోలు ముందు ఊగుతుంటే, విసరబోయే వాళ్ళకి చెయ్యి తడబడేది. బంతులు ఆగసాగాయి. మ్యాచులు ఇంకా ఓడుతూనే ఉన్నారు, కాకపోతే మర్యాదగా ఓడుతున్నారు.

జూలై చివర్లో ఆఖరి మ్యాచ్. ఆ రోజు ఏ గాలి వీచిందో, ఆట మూడు నిమిషాల్లో అయిపోతుందనగా మా వాళ్ళు ఒక్క గోలు ముందున్నారు. సరిగ్గా అప్పుడే, బెంచీ వెనక కూర్చున్న జోలీన్ కడుపు పట్టుకుని, "అబ్బా," అంది.

డల్లాస్ వెనక్కి తిరిగాడు. "ఏంటి?"

"ఏం లేదు. ఆట చూడు."

"నొప్పులా?"

"ఆట చూడమన్నానా! ఇంకా పది రోజులుందన్నారు. మూడు నిమిషాలు ఆగలేదా ఇది?"

డల్లాస్‌కి ఆట చూడాలో ఆమెని చూడాలో తెలియక మెడ అటూ ఇటూ తిరిగిపోతోంది. జోలీన్ మొగుడు కూడా డెల్బర్ట్‌తో పాటే ఇనుప పనిలో ఉన్నాడు. కారు తాళాలున్న వాళ్ళందరూ లేచారు గానీ, పార్కింగు అంతా ఒకరి వెనకొకరు బిగించి పెట్టేశారు. వేసవి శిబిరం పిల్లల్ని దింపి, బస్సు పెట్టేసి ఆలస్యంగా వచ్చి, చోటు లేక సరిగ్గా గేటుకి అడ్డంగా తన సొంత బండి పెట్టిన మనిషి ఒక్కతే ఉంది. ఆ మనిషి గోలు ముందు నిలబడి ఉంది.

ఆఖరి క్షణాల్లో అవతలి జట్టు మూకుమ్మడిగా మీదికొచ్చింది. వాళ్ళలో పొడుగ్గా ఉన్న పిల్ల ఒకతె భుజం ఇటు తిప్పి, చూపు అటు తిప్పి, విసిరింది. లియోటా మనిషిని చూడలేదు. బంతి వచ్చి హెల్మెట్ చువ్వల మీద టంగుమని తగిలి, ముక్కు ముందే కిందికి జారింది. దాన్ని ఏం చెయ్యాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఎనిమిది కర్రలు ఆ బంతి కోసం వస్తున్నాయి. లియోటా తనకి తోచింది చేసింది. బంతి మీద కూర్చుంది.

రిఫరీ చుట్టూ తిరిగి వెతికాడు. వలలో లేదు, నేల మీద లేదు. "బంతేది?" అన్నాడు.

"వెచ్చగా ఉంది," అంది లియోటా.

హారన్ మోగింది. గెలిచారు. ఆ ఏడాదికి అదొక్కటే గెలుపు. అమ్మాయిలు ఆమె మీద పడబోతుంటే డల్లాస్ గొంతు చించుకున్నాడు. "పెద్దమ్మా, జోలీన్‌కి నొప్పులు! నీ బండి తియ్యి!"

పరుగులోనే టానీ తల్లి కాళ్ళ ప్యాడ్ల తాళ్ళు కత్తెర పెట్టి కోసేసింది. ఛాతీ కవచం ముడి బిగుసుకుపోయి రాలేదు. హెల్మెట్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అదే వేషంతో లియోటా స్టీరింగ్ ముందు కూర్చుంది. పక్కన జోలీన్, వెనక టానీ. పట్నం దారిలో ఆగి ఉన్న కార్ల వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చూపించుకున్నారు. ఇరవై రెండేళ్ళలో స్కూలు బస్సు ఒక్కసారి కూడా గీత దాటించని మనిషి, ఆ రోజు కూడా ప్రతి స్టాపు గుర్తు దగ్గరా పూర్తిగా ఆగింది.

"ఇప్పుడు కూడా ఆగుతావేంటి లియోటా!" అని జోలీన్ కేకలేసింది.

"అలవాటే తల్లీ! కాలు దానంతటదే తొక్కుతోంది!"

ఆసుపత్రి గుమ్మంలో చక్రాల కుర్చీ తోసుకుంటూ ఒక నర్సు పరిగెత్తుకొచ్చింది. హెల్మెట్ తీసి పడేసి, చెమటలు కారుతూ, మొహం కందిపోయి, ముందుకు అంత పొట్టతో దిగిన లియోటాని చూసి ఆమె చెయ్యి పట్టుకుంది. "కంగారు పడకండమ్మా, ఊపిరి తీసుకోండి. కూర్చోండి. నొప్పులు ఎంత సేపటికొకసారి వస్తున్నాయి?"

"నాకు కాదమ్మా! నేను గోల్‌కీపర్ని!"

నర్సు టానీ వైపు జాలిగా చూసింది. బండిలోంచి జోలీన్ నవ్వు వినపడింది. "వద్దు, నన్ను నవ్వించకండి, నేనిక్కడే కనేస్తాను," అని ఏడుస్తూ నవ్వుతూ ఆమే దిగి కుర్చీలో కూర్చుంది.

సూర్యుడు దిగేలోపే ఆడపిల్ల పుట్టింది. అప్పటికి లియోటా కవచం నర్సులే కోసి తీశారు. ఆ వాసనకి ఒకామె కిటికీ తెరిచిందట. డెల్బర్ట్‌కి ఫోన్ కలిసింది. పక్కన జోలీన్ మొగుడు కూడా ఉన్నాడు.

"ఆడపిల్ల! ఇద్దరూ బాగున్నారు!" అంది లియోటా.

అవతల కాసేపు అరుపులూ కేకలూ. తర్వాత డెల్బర్ట్ గొంతు తగ్గించి అడిగాడు. "అది సరేగానీ, గెలిచారా?"

"గెలిచాం. నీ కవచం మాత్రం పోయింది."

"పోనీలే. అది పోతుందనే ఇరవయ్యేళ్ళుగా ఎదురు చూస్తున్నావుగా."

మరుసటి వసంతానికి జోలీన్ పిల్లని చంకనేసుకుని తిరిగొచ్చింది. గోలు ఆమెది, ఆమెకే ఇచ్చేశారు. అందులో ఎవరికీ రెండో మాట లేదు, లియోటాకి అసలు లేదు. ఆమె బెంచీ చివర కూర్చుని, పిల్లని ఒళ్ళో ఆడిస్తూ రెండు మ్యాచులు చూసింది. మూడో మ్యాచ్ నాటికి కాళ్ళు నేల మీద ఆడడం మొదలుపెట్టాయి. కూర్చోలేకపోతోంది. ఆ ఆదివారం మార్లీన్ వాళ్ళింటికి వెళ్ళింది.

"ఏం వదినా, బస్సు దారి తప్పిందా?"

"మార్లీన్, నువ్వు కిందటేడు గట్టుమీద కూర్చుని చాలా కబుర్లు చెప్పావు గుర్తుందా?"

"ఉంది. ఇంకా ఉన్నాయి."

"గురువారం వచ్చి కింద నిలబడి చెప్పు."

మార్లీన్ ముప్ఫై రకాలుగా కాదంది. నడుము బాగాలేదంది, బూట్లు లేవంది, ఈ వయసులో జనం నవ్వుతారంది. "నవ్వుతారు," అంది లియోటా. "చాలా బాగుంటుంది." గురువారం మార్లీన్ వచ్చింది, ఇంకో ఇద్దరు అక్కల్ని తోడు తెచ్చుకుని. స్కూలు వంటామె వచ్చింది. కిరాణా కొట్టులో పనిచేసే ఇద్దరు వచ్చారు. నలభై దాటిన ఆడవాళ్ళు పదకొండు మంది పోగయ్యారు. డల్లాస్ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. వీళ్ళందరికీ కోచ్‌గా టానీ ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది, ఆ గంటసేపు అమ్మ తనని "కోచ్" అని పిలవాలి.

లియోటా ఈసారి గోలు ముందు నిలబడలేదు. మామూలు ప్లాస్టిక్ కర్ర తీసుకుంది. అంతవరకూ ఎప్పుడూ ఆమె దగ్గరికి బంతే వచ్చింది, ఆమె బంతి వెంట వెళ్ళలేదు. టానీ మధ్యగీత దగ్గర నిలబడి, "ఊఁ, పట్టుకో," అని మెల్లగా విసిరింది. బంతి వచ్చి కర్ర వలలో పడింది. ఆ బరువు కర్ర మీంచి చేతుల్లోకి, చేతుల్లోంచి భుజాల్లోకి దిగింది. లియోటా ఒక్క క్షణం దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"చూస్తావేంటి? పరిగెత్తు!"

"ఎటు కోచ్?"

"ఎటో ఒకటు! పరిగెత్తవే అమ్మా!"

పరిగెత్తింది. పొట్ట ఊగుతోంది, బూట్లు టపటపమంటున్నాయి, వెనక నుంచి మార్లీన్ "పట్టుకోండి, పట్టుకోండి, బ్రేకులు పోయాయి!" అని అరుస్తూ తరుముతోంది. ఎదురుగా గోలు ఖాళీగా ఉంది, కాసేవాళ్ళెవరూ ఇంకా దొరకలేదు. లియోటా నవ్వుతూ, కళ్ళు గట్టిగా మూసుకుని, బంతిని విసిరింది.